గన్నవరం దారిలో గాడిపొయ్యి

కార్తీకంలో రెండో ఆదివారం. తెల్లవారుజామున ఐదింటికే రాజమండ్రి దానవాయిపేటలో ఒక ఇంటి ముందు ట్రక్కు ఆటో ఆగి ఉంది. వీధి లైటు వెలుగులో సామాన్లు ఎక్కుతున్నాయి. రెండు ఇత్తడి గుండిగలు, ఒక డేగిసా, నాలుగు కత్తిపీటలు, చిన్న రుబ్బురోలు, పొడుగు కాడల గరిటెలు, గంజి వార్చడానికి ఉతికి ఆరేసిన పాత పంచె. చింతపండు నానేసిన స్టీలు గిన్నెను మాత్రం ఎవరూ ఆటోలో పెట్టనివ్వలేదు. లెక్కల మాస్టారు దాన్ని ఒళ్లో పెట్టుకుని వెనకాల కారులో కూర్చున్నారు.

ఎనిమిదిమంది స్నేహితులు. ఇరవై ఏడేళ్ల కిందట ఇదే ఊళ్లో ఒకే తరగతిలో డిగ్రీ చదివారు. ఒకాయన ఆర్టీసీ కండక్టరు, ఒకామె ప్రభుత్వాసుపత్రిలో నర్సు, ఒకాయనకి ఫొటో స్టూడియో, ఇంకొకాయన డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవు మీద వచ్చాడు. పిల్లాజెల్లాతో కలిపి ఇరవై ఇద్దరు తేలారు. ఏటా కార్తీకంలో కలుస్తారు. కిందటేడు భోజనాలు కేటరింగువాళ్లకి అప్పజెప్పారు. పదహారు రకాలు వచ్చాయి, రుచికి వంక పెట్టడానికి లేదు. తిన్నారు, ఫొటోలు దిగారు, మూడింటికల్లా ఇళ్లకి వెళ్లిపోయారు. ఆ రాత్రి మాస్టారు అందరికీ ఫోన్లు చేసి ఒకే మాట అన్నారు: "పెళ్లికి వెళ్లొచ్చినట్టు ఉందిరా. మనం కలిసినట్టు లేదు."

ఈసారి మనమే వండుకుందాం అన్నది అలా పుట్టింది. నర్సు ఒక షరతు పెట్టింది. "ఆడవాళ్లం పొయ్యి దగ్గరా, మీరు పేకముక్కల దగ్గరా అయితే నేను రాను. ఆ వంట నాకు ఇంట్లో రోజూ ఉంది." ఆ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు. కూరలు తరగడం దగ్గర్నుంచి గిన్నెలు తోమడం దాకా ఎవరి వంతు ఏమిటో మాస్టారు కాగితం మీద రాసి, తన పేరు గిన్నెల దగ్గర వేసుకున్నారు. వనభోజనాల్లో ఆడవాళ్లు ఎంతమంది తీరిగ్గా చెట్టుకింద కూర్చోగలుగుతున్నారో గమనించినవాళ్లకి ఆ షరతు విలువ తెలుస్తుంది. ఊరి బయటికి వెళ్లినా వంటిల్లు వెంటే వస్తే వాళ్లకి అది విహారం కాదు, ఎండలో పడ్డ అదనపు చాకిరీ.

వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న రాజమండ్రికి కొత్తది కాదు. 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం పంతులు ఈ ఊళ్లోనే మొదటి వితంతు వివాహం జరిపించారు. ఊరు ఆయన్ని వెలేసింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు ఆ గడప తొక్కడానికి జంకారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే గోదావరి నుంచి నీళ్లు మోసి, వచ్చినవాళ్లకి వండిపెట్టారు. సంస్కరణోద్యమాన్ని ఉపన్యాసాలతో, పత్రికలతో గుర్తుపెట్టుకుంటాం. ఆ పెళ్లి భోజనం వండిన చేతుల్ని కూడా అంతే గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు పొయ్యి వెలగకపోతే పెళ్లి పందిట్లో కూర్చున్న కొద్దిమందీ పస్తుతో లేచేవారు.

ధవళేశ్వరం చేరేసరికి తూర్పు ఎర్రబడింది. నదిమీద పల్చని మంచు. ఇక్కడే గోదావరి గౌతమి, వసిష్ఠలుగా చీలుతుంది. ఆ రెంటి మధ్య సముద్రందాకా పరుచుకున్న నేల కోనసీమ. ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఇప్పుడు బండ్లు వెళ్లే బ్యారేజి తరవాతి కాలపుది, దానికీ ఆయన పేరే పెట్టుకున్నారు. కారు మెల్లగా పోతోంది. గేట్ల కింద నీళ్ల చప్పుడు వింటూ కండక్టరు అన్నాడు, "ఈ నీళ్లు లేకపోతే సీతమ్మగారు ఎంత మనసున్నా ఎంతమందికి పెట్టగలరండీ?"

ఆ పేరు ఆ రోజంతా వాళ్ల వెంట వచ్చింది. వాళ్లు వెళ్లేది పి.గన్నవరం వైపు. ఆ పక్కనే లంకల గన్నవరం, డొక్కా సీతమ్మ ఊరు. 1841లో మండపేటలో పుట్టారు ఆమె. తండ్రి అనుప్పిండి భవానీశంకరం వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టేవాడు కాబట్టి జనం ఆయన్ని 'బువ్వన్న' అని పిలిచేవారు. ఆనకట్ట పూర్తయ్యేనాటికి సీతమ్మ పదేళ్లు దాటిన పిల్ల. ఆ తరవాత కాలవలు లంకల్లోకి, చేలలోకి పాకాయి. వరి ఖాయమైంది. రైతు డొక్కా జోగన్నను పెళ్లాడి లంకల గన్నవరం వచ్చిన ఆమె 1909లో కన్నుమూసేదాకా వండిపెడుతూనే ఉన్నారు. కండక్టరు అన్నదాంట్లో నిజం ఉంది. దానం చెయ్యాలంటే ముందు గాదెలో ధాన్యం ఉండాలి. అయితే నిండిన గాదెలు ఆ రోజుల్లో కోనసీమలో చాలానే ఉన్నాయి. సీతమ్మ పొయ్యి లాంటిది మాత్రం ఒక్కటే.

బ్యారేజి దాటి బొబ్బర్లంక నుంచి కాలవగట్టు పట్టుకుంటే రోడ్డు పక్కన ఫ్లెక్సీలు మొదలయ్యాయి. ఫలానా సంఘం వన సమారాధన, ఫలానా వారి కార్తీక సమారాధన. ప్రతి దానిమీదా ఒక కులం పేరు. ఈ నెలలో ఆదివారం వస్తే ఒక్కో తోట ఒక్కో కులానిది అయిపోతుంది. ఉసిరిచెట్టు కింద భోంచేయాలన్న ఆచారం ఎప్పటిదో. దాన్ని ఎవరి పంక్తి వారిదిగా విడగొట్టుకోవడం మాత్రం చూసేవాళ్లకి బాధగా ఉంటుంది. కారులో ఉన్న ఎనిమిదిమందివీ ఎనిమిది ఇంటిపేర్లు, నాలుగైదు కులాలు, రెండు మతాలు. కాలేజీ రోజుల్లో వాళ్ల కారేజీలు కలిసిపోయేవి. ఎవరింటి పచ్చడి ఎవరు తినేవారో వాళ్లకే గుర్తులేదు.

ఆత్రేయపురంలో పావుగంట ఆగుదామనుకుని ముప్పావుగంట ఆగారు. పూతరేకులు తీసే ఇల్లు. బోర్లించిన నున్నటి కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచగా రుబ్బిన బియ్యపు పాలలో గుడ్డ ముంచి కుండమీద ఒక్క లాగు లాగుతుంది ఆ ఇంటావిడ. రెప్పపాటులో పొర ఆరిపోతుంది, కాగితంలా లేస్తుంది. ఫొటో స్టూడియో ఆయన తానూ ప్రయత్నిస్తానన్నాడు. రేకు మూడు ముక్కలుగా వచ్చింది. "మధ్యలో చెయ్యి ఆగకూడదండి. భయపడితే ఆగిపోద్ది" అంది ఆవిడ. ఆ చెయ్యి ఆగకుండా ఉండటం నేర్చుకోవడానికి ఆమెకి రెండేళ్లు పట్టిందట. ఈ ఊరి పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బజారులో పెట్టెల మీద ఆ సంగతి పెద్దక్షరాలతో వేస్తున్నారు. పొగలో కళ్లు చికిలించుకుని రోజంతా కుండ ముందు కూర్చునే ఆడవాళ్ల బతుకు ఆ పెట్టెల మీద కనబడదు. నర్సు ఆవిడ కళ్లు పరీక్షగా చూసి, చుక్కల మందు పేరు చీటీమీద రాసిచ్చింది. పూతరేకులు రెండు పెట్టెలు కొన్నారు. మూడో పెట్టెకి ఆవిడ డబ్బులు తీసుకోలేదు.

లొల్ల లాకుల దగ్గర పిల్లలు నీళ్లు చూస్తామన్నారు గాని ఎండ ఎక్కుతోంది. రావులపాలెం అరటి మార్కెట్టు అప్పటికే నిండిపోయి ఉంది. చక్రకేళి, కర్పూరం, అమృతపాణి, బొంత: గెలలన్నీ నిలబెట్టిన తీరు చూస్తే ఏదో జాతరకి జనం బారులు తీరినట్టు ఉంటుంది. అక్కడ యాభై అరటాకులు, రెండు దూటలు, మూడు కిలోల కంద, బచ్చలి కట్టలు, ఒక తియ్యగుమ్మడికాయ తీసుకున్నారు. కంద దగ్గర కండక్టరు తన మేనత్తకి ఫోన్ చేశాడు. "కొత్తగా తవ్వింది వద్దురా. మట్టి ఎండి, తొక్క ముడత పడ్డది చూడు. నిలవ కంద దురద తక్కువ" అంది అవతలి గొంతు.

ఆ మేనత్తదే తోట. వైనతేయ గట్టుకి దగ్గర్లో కొబ్బరి, మధ్యలో నాలుగు మామిళ్లు, బావి పక్కన కాయలతో వంగిన ఉసిరి. డెబ్భై దాటిన మనిషి. నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి, చెట్టు మొదట దీపం వెలిగించి వీళ్లకోసం ఎదురుచూస్తున్నారు. "ఏవర్రా, తొమ్మిదయ్యింది. ఎప్పుడు వండుతారు, ఎప్పుడు తింటారు?" అన్నారు. అప్పటికే అడుగు వెడల్పున, రెండు బారల పొడుగున గాడి తవ్వించి ఉంచారు. దాంట్లో కొబ్బరిమట్టలు, డొక్కలు వేసి అంటిస్తే ఒకేసారి మూడు గుండిగలు కూర్చుంటాయి. గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసి ఆ వైపు గాడి మూతి వదిలారు. "పొగ మీ మొహం మీదికి కాకుండా కాలవ మీదికి పోద్ది" అని చెప్పారు అత్తయ్యగారు. ఒక్క గంటలోనే అందరూ ఆమెని అత్తయ్యగారూ అనే పిలుస్తున్నారు, డాలస్ కుర్రాళ్లతో సహా.

వంటకాలు ఎక్కువ పెట్టుకోలేదు. ముద్దపప్పు, కంద బచ్చలి, అరటిదూట పెరుగుపచ్చడి, గుమ్మడికాయ ముక్కల పులుసు, పులిహోర, ఉసిరికాయ పచ్చడి, కొబ్బరిపాల పరమాన్నం. కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి లేవు.

చాపమీద నాలుగు కత్తిపీటలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాక అసలు కలయిక మొదలైంది. కంద చెక్కు తీసేవాళ్లు చేతులకి నూనె రాసుకున్నారు. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. చర్మంలో గుచ్చుకుని దురద పుట్టించేవి అవే. కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత చెప్పుకుంటారు గాని చేతికి మాత్రం తప్పదు. నూనె సరిగ్గా రాసుకోని ఒకాయనకి మణికట్టుదాకా ఎర్రబడింది. అత్తయ్యగారు నానేసిన చింతపండు పిప్పి తెచ్చి రుద్దారు. అరటిదూట ఇంకో తంతు. పై పొరలు ఒలిచి, లోపలి తెల్లటి మెత్తని బొందు తేల్చి, చక్రాలుగా తరుగుతుంటే ప్రతి చక్రానికీ సాలెగూడు దారంలా పీచు సాగుతుంది. దాన్ని చూపుడువేలికి చుట్టుకుంటూ పోవాలి. తరిగిన ముక్క తరిగినట్టే పల్చటి మజ్జిగలో వెయ్యాలి, లేకపోతే గాలి తగిలి నల్లబడిపోతుంది.

ఈ పనులకి ఒక మహిమ ఉంది. చేతులు తీరిక లేకుండా ఉంటాయి, కళ్లు పని మీద ఉంటాయి. ఎదుటి మనిషి మొహంలోకి చూడక్కర్లేదు. హోటలు బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని సంగతులు కత్తిపీట దగ్గర వాటంతట అవే బయటికి వస్తాయి. పదేళ్లుగా ఏటా కలుస్తున్నా, ఫొటో స్టూడియో ఆయన వ్యాపారం సెల్‌ఫోన్లు వచ్చాక ఎంత దెబ్బతిందో ఎవరికీ తెలియదు. దూట పీచు వేలికి చుట్టుకుంటూ, తల ఎత్తకుండా చెప్పాడు. ఎవరూ ఓదార్చలేదు. మాస్టారు ఇంకో దూట ముక్క ఆయన ముందుకి జరిపి, "తరవాత?" అన్నారు. ఆయన చెబుతూ పోయాడు. కిందటేడు పదహారు రకాల భోజనంలో లేనిది ఇదే. అక్కడ తినడం ఒక్కటే ఉంది. తినడానికి ముందు ఉండే మూడు గంటలు లేవు.

డాలస్ ఆయన కంద ముక్కలు కడుగుతూ అక్కడి సంగతి చెప్పాడు. తెలుగు సంఘాల వనభోజనాలు అక్కడా ఉన్నాయి, ఎండాకాలంలో, పార్కుల్లో. అట్లకాడలూ, పెనాలూ పట్టుకుని వచ్చి అక్కడే దోసెలు పోసేవాళ్లూ ఉన్నారు, రెస్టారెంటు ట్రేలు తెచ్చేవాళ్లూ ఉన్నారు. "దోసెలు పోసే గుంపు దగ్గరే పిల్లలు నిలబడతారు. ట్రేల దగ్గర లైను ఉంటుంది, అంతే" అన్నాడు.

గుండిగలో ఎసరు మరిగింది. బియ్యం స్వర్ణ. పక్క జిల్లా మార్టేరు పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029, ఆ డెల్టా అంతటికీ తిండి పెట్టిన వంగడం. పులిహోరకి పాత బియ్యమే కావాలన్నారు అత్తయ్యగారు. కొత్త బియ్యం ముద్దవుతుంది, ఏడాది నిలవున్నది పలుకు విడిపోతుంది. మెతుకు పట్టి చూసి, గుండిగ మూతికి పంచె కట్టి, ఇద్దరు మొగవాళ్లు చెవులు పట్టుకుని వంచారు. గంజి తెల్లగా బకెట్‌లోకి దిగింది. బియ్యంలో ఉన్న బీ విటమిన్లలో కొంత ఈ గంజితోనే పోతుంది. అందుకే పాతకాలం వాళ్లు దాన్ని పారబోసేవాళ్లు కాదు. అత్తయ్యగారు లోటాల్లో పోసి, ఉప్పు, రెండు బొట్లు నిమ్మరసం వేసి పిల్లలకి ఇచ్చారు. మిగతాది గేదెకి.

రెండో వాయి అడుగంటింది. మంట తగ్గించాల్సిన డాలస్ ఆయన కబుర్లలో పడ్డాడు. కాలిన వాసన వచ్చేసరికి ఒకావిడ గరిటె పట్టుకుని కలపబోయింది. "కదపకమ్మా! కదిపితే మాడు వాసన మెతుకు మెతుక్కీ ఎక్కుద్ది" అని అత్తయ్యగారు ఆపి, పైది పైనే ఇంకో గిన్నెలోకి తీయించారు. అడుగున నాలుగు వేళ్ల మందాన మాడు మిగిలింది. పోయింది అంతే. ఉదయం నుంచి ఆ తోటలో మొదటిసారి ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తరవాత మాస్టారు లేచి ఇంకో కిలోన్నర బియ్యం కడిగారు.

కంద బచ్చలి దగ్గర మాత్రం అత్తయ్యగారు ఎవరినీ తొందరపడనివ్వలేదు. ముక్కలు మెత్తగా ఉడికాయి, బచ్చలి అందులోనే కరిగింది, చింతపండు పులుసు, పసుపు, ఉప్పు పడ్డాయి. తెడ్డుతో ఎనిపారు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిరప, ఇంగువ, కరివేపాకు పోపు పడింది. వాసనకి పిల్లలు చుట్టూ చేరారు. అయినా అది పూర్తయినట్టు కాదు. ఆవ పెట్టాలి. నర్సు రుబ్బురోట్లో నానిన ఆవాలు, రెండు మిరపకాయలు, రవ్వంత ఉప్పు వేసి నూరుతోంది. కళ్లమ్మట నీళ్లు. ఆవగింజలో ఘాటు ముందుగా తయారై ఉండదు. గింజ నలిగి, తడి తగిలితే లోపలి ఎంజైమ్ పనిచేసి అప్పటికప్పుడు పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, ఘాటు పోయి చేదు మిగులుతుంది. అత్తయ్యగారికి ఎంజైమ్ పేరుతో పనిలేదు. డేగిసా దింపించి, నీడన పెట్టించి, కాసేపయ్యాక దాని అడుగున అరచెయ్యి ఆనించి చూశారు. "ఇంకా ఉంది. చెయ్యి ఆనించి ఉంచగలిగితేనే ఆవ." మూడోసారి చెయ్యి ఆనించాక తలూపారు. ఆవముద్ద, ఒక గరిటె పచ్చి నూనె కూరలో కలిసిపోయాయి.

పరమాన్నంలోనూ అలాంటిదే ఒక ఆగుడు ఉంది. బియ్యం పూర్తిగా ఉడికేదాకా బెల్లం వెయ్యకూడదు. వేస్తే ఇక మెతుకు మెత్తబడదు. చిక్కటి కొబ్బరిపాలు దింపబోయే ముందు పొయ్యాలి, పోశాక మరగనివ్వకూడదు. మరిగితే విరుగుతాయి. పుస్తకం చూసి వండేవాళ్లకి కొలతలు దొరుకుతాయి గాని, ఎక్కడ ఆగాలో పక్కన ఒక మనిషి నిలబడి చెబితేనే చేతికి వస్తుంది. ఇంటి వంట ఇన్ని తరాలు దాటివచ్చిన దారి అదే.

ఆవ కూర చల్లారేలోగా సీతమ్మగారి కథ అడిగారు పిల్లలు. అత్తయ్యగారు తన నాయనమ్మ చెప్పగా విన్నది చెప్పారు. ఒకసారి సీతమ్మకి అంతర్వేది వెళ్లి నరసింహస్వామిని చూడాలనిపించింది. ఏళ్ల తరబడి పొయ్యి వదిలి కదలని మనిషి. ఎలాగో బయల్దేరింది. దారిలో రేవు దగ్గర ఆగితే ఎవరో పెళ్లివారు ఎదురయ్యారు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు సముదాయిస్తున్నారు, కాస్త ఓర్చుకోండి, ఇంకాసేపట్లో సీతమ్మగారింటికి చేరతాం, కడుపునిండా తింటారు అని. ఆ మాట చెవిన పడింది. ఇంట్లో తాను లేదు. వాళ్లు వెళ్లేసరికి పొయ్యి చల్లగా ఉంటుంది. వెంటనే వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టింది.

"మరి దేవుణ్ని చూడలేదా?" అంది ఒక పాప.

"లేదమ్మా. మళ్లీ వెళ్లలేకపోయిందంటారు."

ఈ కథ కోనసీమలో చాలామందికి తెలుసు. త్యాగం కథగానే చెప్పుకుంటారు. దారులు, పడవలు తెలిసినవాళ్లకి ఇంకోటి కూడా వినిపిస్తుంది. వంతెనలు లేని రోజుల్లో లంక నుంచి లంకకి వెళ్లాలంటే రేవులు దాటాలి, పడవకోసం గంటలు కాచుకోవాలి. పూటకూళ్ల ఇల్లు ప్రతి ఊళ్లో ఉండదు. అలాంటి చోట వేళాపాళా లేకుండా, ఏ కులమని అడక్కుండా అన్నం దొరికే ఇల్లు ఒకటి ఉందంటే ప్రయాణం చేసేవాళ్లు దాన్ని లెక్కలో వేసుకునే బయల్దేరతారు. ఆ పెళ్లివారు అలా లెక్క వేసుకున్నవాళ్లే. సీతమ్మ వెనక్కి తిరిగింది ఆ నమ్మకం కోసం. ఏడో ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక వేడుకలకి పిలుపు వస్తే ఆమె వెళ్లలేదనీ, ఫొటో తీయించి తీసుకెళ్లారనీ కూడా ఇక్కడివాళ్లు చెబుతారు. రాజుగారి పిలుపు కథ కంటే రేవు దగ్గరి కథే గొప్పది. అందులో ఆకలేసిన పిల్లలున్నారు.

ఒంటిగంటన్నరకి ఆకులు వేశారు. ఉసిరిచెట్టు నీడ అందరికీ చాలలేదు, పంక్తి మామిడి కిందికి సాగింది. కొస ఎడమవైపు వచ్చేలా పరిచి, నీళ్లు చిలకరించి తుడుచుకున్నారు. మొదటి పంక్తిలో ఆడవాళ్లు, పిల్లలు, అత్తయ్యగారు. వడ్డించింది మొగవాళ్లు. అత్తయ్యగారు కూర్చోనని చాలాసేపు పట్టుబట్టారు. పెళ్లయ్యాక ఈ తోటలో ఎన్ని సమారాధనలు జరిగాయో, మొదటి పంక్తిలో తాను ఎప్పుడూ కూర్చోలేదన్నారు. చివరికి కండక్టరు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ముద్దపప్పు మీద నెయ్యి పడుతుంటే, "చాలు బాబూ, చాలు" అంటూనే ఆకు కొంచెం ముందుకి జరిపారు. కంద బచ్చలి మొదటి ముద్ద తిన్నాక మాట్లాడలేదు. రెండో ముద్ద తిన్నాక నర్సు వైపు తిరిగి, "ఆవ కుదిరిందే" అన్నారు. ఆవిడ మొహం చూడాల్సింది ఆ క్షణాన. ఉద్యోగంలో ఆమెకి ప్రశంసాపత్రాలు వచ్చాయి. వాటిని అందుకున్నప్పుడు కూడా ఇలా పొంగిపోలేదని ఆమె భర్త తరవాత చెప్పాడు.

పెరుగన్నంలో ఉసిరి పచ్చడి నంజుకుని, పైన మంచినీళ్లు తాగితే నాలుక తియ్యనవుతుంది. పిల్లలు అది కనిపెట్టి మళ్లీ మళ్లీ నీళ్లు తాగారు.

సాయంత్రం అంతర్వేది వెళ్లి సూర్యాస్తమయం చూడాలన్నది అనుకున్న పథకం. గుండిగలు తోమేసరికే నాలుగున్నర. మాస్టారు రాసుకున్న మాట ప్రకారం అడుగంటిన గుండిగని చింతపండు, ఇసకతో తానే తోమారు. గాడి పూడ్చి, బూడిద కొబ్బరి మొదళ్లలో పోశారు. రాజోలు, సఖినేటిపల్లి దాటి వెళ్లేసరికి చీకటి పడుతుందని తేలాక, లంకల గన్నవరం ఊరు చుట్టి వచ్చి పి.గన్నవరం అక్విడక్టు మీద ఆగారు.

చూడదగ్గ చోటు అది. కింద వైనతేయ, దాని మీదుగా తొట్టెలో కాలవ. నది తన దారిన సముద్రానికి పోతుంటే, దాని నెత్తిమీద నుంచి ఇంకో నీరు అవతలి లంక పొలాలకి నడిచిపోతుంది. 1850లలో కట్టిన పాతది పక్కనే ఉంది. అది శిథిలమయ్యాక కట్టిన కొత్తది 2000లో మొదలైంది, దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం కూడా ఆమె పేరుతోనే నడుస్తోంది. ఈ రెండు పేర్లూ అతికినట్టు సరిపోయాయి. ఒకటి పంటకి నీళ్లు మోస్తోంది, ఇంకోటి బడి పిల్లకి పళ్లెం అందిస్తోంది. ఆ పళ్లెం వెనక ప్రతి ఊళ్లోనూ పొయ్యి దగ్గర నిలబడే వంటావిడలు ఉన్నారు. సీతమ్మ పేరు పెట్టినప్పుడు వాళ్లకి ఇచ్చే కూలి కూడా ఆ పేరుకి తగ్గట్టు ఉండాలని నర్సు గట్టిగా అంది. కాలవ గోడకి ఆనుకున్న ఎవరూ కాదనలేదు.

చీకటి పడుతుంటే రావులపాలెంలో విడిపోయారు. మిగిలిన పులిహోర డబ్బాలకి సర్దే పని ఫొటో స్టూడియో ఆయనది. ఎవరింట్లో ఎంతమందో అడక్కుండానే సర్దాడు. కండక్టరుది మర్నాడు తెల్లవారుజామున మొదటి ట్రిప్పు. ఆయన డబ్బా మూత పెట్టబోతూ ఆగి, "మీ డ్రైవరు కారం తింటాడా?" అని అడిగాడు. తింటాడని చెప్పాక ఇంకో రెండు గరిటెలు వేసి, మూలగా కాస్త కంద బచ్చలి పెట్టి మూత బిగించాడు.